పన్నీరు బుడ్డికి కల్చర్ పరీక్ష

మా ముత్తాత ఓడలకు దుబాసీ. ఇంకా హార్బరు తవ్వని రోజులవి. ఓడలు దూరంగా సముద్రంలో లంగరు వేసుకుని నిలబడితే బియ్యం, కూరలు, కోళ్లు, మంచినీళ్లు పడవల మీద పంపించే పని ఆయనది. ఆయన చీటీ రాయనిదే ఏ ఓడకూ మంచినీటి పీపా ఎక్కేది కాదు. మా తాతగారు స్టీవడోరు. సరుకు దించే కూలీల మేస్త్రీలు తెల్లారేసరికి మా అరుగు కింద నిలబడేవారు. అరుగు మీదకు ఎక్కేవారు కాదు. మా నాన్నగారికి క్లియరింగ్ ఏజెంటు లైసెన్సూ, పోర్టు ఆఫీసుకు వెళ్తే ఆయన కోసం వేసే ఒక కుర్చీ ఉండేవి. ముందు లైసెన్సు పోయింది. కుర్చీ ఇంకొన్నాళ్లు వేశారు. నేను మద్దిలపాలెం వైపు ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో, మైక్రోబయాలజీ విభాగంలో సీనియర్ టెక్నీషియన్ని. చీము, ఉమ్మి, మూత్రం, రక్తం నా బల్ల మీదకు వస్తాయి. వంశం గురించి చెప్పేవాళ్లు చాలామంది ముత్తాత దగ్గర మొదలుపెట్టి తాత దగ్గర ఆపేస్తారు. నేను నాదాకా చెబుతాను.

వన్ టౌన్‌లో మా ఇల్లు ఇప్పుడు మాది కాదు. దానికి ఎదురుగా ఉన్న మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని నేనూ, మా మేనత్తా ఉంటున్నాం. ఆవిడ మా నాన్నగారి అక్క. చిన్న వయసులో భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి, షుగరుంది. నాకు పెళ్లి కాలేదు. మొదట్లో మా అంతస్తుకు తగిన సంబంధం రాలేదు. తర్వాత వచ్చిన సంబంధాల అంతస్తుకు మేం తూగలేదు. మా పాత ఇల్లు ప్రస్తుతం ఉల్లిపాయల గోడౌను. లారీ వచ్చినప్పుడల్లా అత్త కిటికీలోంచి చూసి, "మన ఇంట్లో సరుకు దిగుతోంది" అంటుంది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. గుమ్మం దాటి ఎవరు లోపలికి వచ్చినా వాళ్ల మీద పన్నీరు చల్లాలి. ఓడ దిగి వచ్చిన కెప్టెన్లకూ చల్లారు, కరెంటు బిల్లు ఇచ్చే మనిషికీ చల్లుతున్నాం. ఆ పని ఇంటి పెద్దాడబడుచుది. దానికి పొడుగు మెడ ఉన్న ఒక వెండి బుడ్డి, మెడ చివర చిల్లుల మూత. ఆ బుడ్డి విషయంలో ఒక నియమం: దాన్ని ఎప్పుడూ ఖాళీ చేయకూడదు. సగానికి దిగితే పైన పోయాలి. ఖాళీ బుడ్డి ఇంటి గూట్లో ఉండకూడదని మా నాయనమ్మ మాట. అత్త ఆ మాట తప్పలేదు. పన్నీరు సీసా ధర పెరిగాక కొంచెం కుళాయి నీళ్లు కలపడం మొదలుపెట్టింది, అంతే. తలకిందులు చేసి కడిగిన గుర్తు నాకు లేదు. మెడ ఎంత సన్నమంటే బ్రష్ కాదు కదా, చీపురుపుల్ల కూడా కష్టంగా దూరుతుంది.

వానాకాలం ముగుస్తున్న రోజుల్లో మేడ మెట్టుకు కొట్టిన ఇనుప పట్టీ అత్త కుడికాలి బొటనవేలిని కోసింది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తక్కువ. ఆవిడకు నొప్పి తెలియలేదు. రక్తం చూసి తెలుసుకుని, పాత చీర పేలిక చుట్టుకుని, నాకు చెప్పలేదు. కుంటితే వీధిలో వాళ్లు చూస్తారని కుంటలేదు. తొమ్మిదో రోజు నేను భోజనం చేస్తుండగా వడ్డించడానికి వంగింది. చారు వాసన దాటి ఇంకో వాసన వచ్చింది. ముప్పై ఏళ్లుగా చీముతోనే నా ఉద్యోగం. అన్నం ముందు నుంచి లేచి పేలిక విప్పించాను.

"ఎప్పుడు తగిలింది అత్తా?"

"మొన్న."

"ఏ మొన్న?"

"నీకు తిథి, వారం చెప్పాలా? కూర్చుని అన్నం తిను."

మర్నాడు మా ఆస్పత్రికే తీసుకెళ్లాను. పుండులోంచి నమూనా తీయడానికి ఒక పద్ధతుంది. పైనున్న చీము తీసి పంపితే అందులో చర్మం మీది మురికి క్రిములన్నీ వస్తాయి, అసలు దొంగ దొరకడు. ముందు సెలైన్‌తో కడగాలి. చచ్చిన కండ తీసేశాక, లోతున ఉన్న బతికిన కండ మీద దూదిపుల్ల నొక్కి తిప్పి తీయాలి. అత్త పాదాన్ని వేరెవరి చేతికీ ఇవ్వకుండా నేనే తీశాను. క్రిములు పెరగడానికి పళ్లెంలో పోసి ఉంచిన రక్తపు ఆగార్ మీద గీసి, ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెట్టాను. మర్నాటికి బంగారు రంగు చుక్కలు లేచాయి. స్టాఫిలోకాకస్ అనే క్రిమి. మా బల్ల మీదకు రోజూ వచ్చే చుట్టం. మాత్రలకు లొంగే రకం. సర్జన్ మాత్రలు రాసి, రోజూ ఇంట్లో కట్టు మార్చడానికి ఒక సిస్టర్‌ను పంపారు. ఆమె మా వీధి చివర చర్చి వెనక ఉంటుంది. డ్యూటీ అయ్యాక సాయంత్రం అయిదింటికి వచ్చేది.

సిస్టర్ మెట్లెక్కే చప్పుడు వినగానే అత్త సర్దుకుని కూర్చునేది. ఆమె గుమ్మం దాటగానే పన్నీరు చల్లేది. ఆ తర్వాత వంగి, తన కాలి కట్టు మీద కూడా రెండు మూడు సార్లు చల్లుకునేది. పరాయి మనిషి మన పుండు విప్పేటప్పుడు కంపు కొట్టకూడదు కదా అనేది. నేను ఆ మర్యాదకు లోలోపల గర్వపడ్డాను. చల్లే నీళ్లు కట్టు గుడ్డను తడిపి లోపలికి దిగుతున్నాయని నాకు తట్టలేదు. ఉన్నది ఉన్నట్టు రాయడం నా పని కాబట్టి ఈ వాక్యాన్ని కూడా రాస్తున్నాను.

పన్నెండో రోజున కట్టు విప్పితే గుడ్డ మీద ఆకుపచ్చ మరక. మళ్లీ నమూనా. ఈసారి పళ్లెం తెరవగానే పండిన ద్రాక్షపళ్ల వాసన. ఆకుపచ్చ జిగురు పళ్లెమంతా పాకింది. ఒక చుక్క తీసి ఆక్సిడేజ్ కాగితం మీద రాస్తే పది సెకన్లలో ఊదారంగు. సూడోమోనాస్. అది నీళ్లలో బతికే క్రిమి. సింకులో, తడి బకెట్లో, పూలసజ్జలో ఎక్కడ తడి నిలిస్తే అక్కడ కాపురం పెడుతుంది. మామూలు మాత్రలు దాని ముందు పనిచేయవు. నరానికి ఇంజెక్షన్లు ఇవ్వాలి.

అత్తను ఆస్పత్రిలో చేర్చాం. వారం తిరిగేసరికి పుండు ఎర్రగా, ఆరోగ్యంగా మారింది. అత్తకు అది పట్టలేదు. పన్నీరు లేకుండా డాక్టరు ముందు కాలు చాపవలసి రావడమే ఆవిడ బాధ. "ఆ బుడ్డి తెచ్చిపెట్టరా" అని రోజూ అడిగింది. వార్డులో ఒప్పుకోరని చెప్పాను. ఇంటికి తీసుకొచ్చాం. సిస్టర్ మళ్లీ వచ్చింది. ఎనిమిదో రోజుకు మళ్లీ ఆకుపచ్చ.

మళ్లీ ఆస్పత్రిలో చేర్చాం. సర్జన్ ఈసారి నన్ను వార్డు బయటకు పిలిచారు. "ఎముకకు పాకింది. బొటనవేలు తీసేయాలి. ఇంకోసారి తిరగబెడితే వేళ్లతో ఆగదు. చీలమండ పైన తీయాల్సి ఉంటుంది" అన్నారు. తన ఇంట్లో నిటారుగా నడిచి వచ్చి మనుషుల మీద పన్నీరు చల్లడమే ఆవిడకు మిగిలిన అధికారం. కాలు పోతే అది కూడా పోతుంది.

నేను కారణం వెతికాను. నాకు వెంటనే దొరికింది. సిస్టర్.

మా ఇంట్లో ఏదైనా చెడిపోతే బయటి నుంచి వచ్చినవాళ్ల మీద చూపు పడటం మూడు తరాల అలవాటు. నర్సుల గదిలోకి వెళ్లి, సిస్టర్‌ను ఆమె కత్తెర, ఫోర్సెప్స్, ట్రే, సెలైన్ సీసా, చేతిసంచి అన్నీ పరీక్షకు ఇమ్మన్నాను. ఆమెతోపాటు అక్కడ ముగ్గురు ఉన్నారు. గొంతు తగ్గించలేదు.

ఆమె సంచి బల్ల మీద బోర్లించింది. "తీసుకోండి సార్. నా వేళ్లు కూడా గావాలా? రోజుకి పన్నెండు కట్లు మారుత్తన్నాను నాను. మిగతా పదకొండు మందికి పచ్చగా అవనేదు. మీ అత్తగారికే ఎందుకయ్యిందో, మీ ఇంట్లో సూసుకోండి."

"మా ఇంటి సంగతి నాకు తెలుసు."

"తెలిత్తే మంచిదే" అని, ఇక మా ఇంటికి రానని సూపర్‌వైజర్‌కు చెప్పేసింది.

ఆమె వస్తువులన్నిటి నుంచీ నమూనాలు తీసి పళ్లేలు పెట్టాను. ఒక రోజు చూశాను, రెండు రోజులు చూశాను. అన్నీ ఖాళీ. వాటిని చూసి మా విభాగంలో నాతో పనిచేసే టెక్నీషియన్ నవ్వాడు. అతను శ్రీకాకుళం వైపు మనిషి. ఎంత వద్దన్నా నన్ను బావా అనే పిలుస్తాడు.

"ఏటి బావా, ఇంత శుభ్రంగా మన ఇన్‌క్యుబేటర్ కూడా ఉండదు. ఆ సిస్టరమ్మని మనకి క్వాలిటీ కంట్రోల్‌కి ఎట్టీసుకుందాం."

వెనక నుంచి మా మైక్రోబయాలజిస్టు మేడం వచ్చారు. వయసులో నాకంటే చిన్న. పళ్లేలు చూసి ఒకే ప్రశ్న అడిగారు. "ఆస్పత్రిలో ఉన్నంతకాలం తగ్గుతోంది, ఇంటికెళ్తే తిరగబెడుతోంది. మీ ఇంట్లో ఉండి, ఆస్పత్రిలో లేని తడి ఏది?"

ఆదివారం మధ్యాహ్నం నేనూ అతనూ దూదిపుల్లలు పట్టుకుని మా ఇంటికి వెళ్లాం. వేలు తీసేసి నాలుగు రోజులు, అత్త ఇంకా వార్డులోనే ఉంది. మంగళవారం ఇంటికి పంపుతామన్నారు. కుళాయి, బకెట్టు, చెంబు, సబ్బుపెట్టె, స్నానాలగది నేల, కాళ్లు తుడుచుకునే గోనె పట్టా, అన్నిటి నుంచీ నమూనాలు తీశాను. జాబితా రాసుకుని సంతకం పెట్టాను. అతను గూటి వైపు చూశాడు.

"మరి ఆ బుడ్డి?"

"అది అక్కర్లేదు. వెండిది. వెండిలో క్రిములు బతకవు. కాలిన పుండ్లకు రాసే మందులో వేసేదే వెండి."

"వెండో బంగారమో, లోపల ఉన్నవి నీళ్లే కద బావా. నాను మీ ఇంటికి ఒచ్చిన రోజు మీ అత్తగారు నా మొకం మీద సల్లీసినారు. మూడు రోజులు కళ్లు కలక. నానేటైనా అన్నానా? పెద్దోళ్లు గౌరవం సేసినారని ఊరుకున్నాను."

"కళ్లకలక ఆ రోజుల్లో ఊరంతా ఉంది."

"ఊరంతా ఉంది. నాకు మాత్తరం మీ ఇంట్లో అంటుకుంది. తియ్యి బావా, ఒక దూదిపుల్లకి ఏటైపోద్ది?"

తీశాను. మెడలోకి పుల్ల దూరలేదు. చిల్లుల మూత పక్కన పెట్టి, బుడ్డిని వంచి, లోపలి నీళ్లు స్టెరైల్ సీసాలోకి పోశాను. ఆ బుడ్డి తలకిందులవడం అదే మొదటిసారి అనుకుంటాను. చివర్లో నీళ్లతోపాటు మెత్తటి పాకుడు జారింది. అతను సీసా మూత బిగించి తేదీ రాశాడు.

సోమవారం పొద్దున్న పళ్లేలు తెరిచాను. కుళాయి, బకెట్టు, చెంబు, గోనె పట్టాలో పనికిమాలిన చిన్నాచితకా క్రిములు. పన్నీరు పళ్లెం తెరవగానే ద్రాక్షపళ్లు. ఆకుపచ్చ చాపలా పరుచుకుంది. అత్త పుండులోంచి వచ్చిన క్రిమినీ, దీన్నీ పక్కపక్కన పెట్టి మందు బిళ్లలు అమర్చాను. మర్నాడు చూస్తే ఏ బిళ్లల చుట్టూ క్రిమి పెరగలేదో, ఏ బిళ్లలను లెక్కచేయలేదో, రెండు పళ్లేల్లోనూ ఒకటే వరస. రెండూ ఒకటేనని రుజువు చేయడానికి ఇంకా పెద్ద పరీక్షలున్నాయి కాని, ఈ పనికి ఇది చాలన్నారు మేడం. అత్తను ఇంటికి పంపడం రెండు రోజులు వాయిదా వేయించాను.

"కాని ఒక్క మాట" అన్నారు మేడం. "నిజమైన వెండిలో ఇంత పెరగడం నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఒకసారి కనుక్కోండి."

ఇలాంటి మాట మా తాతగారి కాలంలో మా గుమ్మంలో ఎవరూ అని ఉండరు. వార్డుకు వెళ్లాను. అత్త మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. కాలు దిండు మీద. రిపోర్టు చదివి వినిపించాను. పన్నీరే కారణమని చెప్పాను. ఆవిడ ముఖం మారలేదు.

"అంటే వచ్చినవాళ్లందరి మీదా ఇదే చల్లానన్నమాట."

"వాళ్లకు పుండ్లు లేవు కాబట్టి ఏమీ కాలేదు. ఒకరిద్దరికి కళ్లకలక వచ్చి ఉండొచ్చు."

"ఎవరెవరికో కనుక్కుని నాకు చెప్పు."

"చెప్తాను. అత్తా, ఆ బుడ్డి వెండిదేనా?"

"కాదు."

"మీరే కదా వెండిదని..."

"వెండిదని నేను ఎప్పుడూ అనలేదు. పన్నీరు బుడ్డి అన్నాను. వెండిది నువ్వు ల్యాబు కోర్సులో చేరిన ఏడు అమ్మేశాను. మీ నాన్న మొదటి ఫీజు కట్టాడు, రెండోదానికి చేతులెత్తేశాడు. పూర్ణా మార్కెట్‌లో ఒకడి చేత ఇత్తడిది అలాంటిదే చేయించాను. లోపల కళాయి, పైన వెండి పూత. వచ్చినవాళ్లకు కావలసింది పన్నీరు. బుడ్డి దేనిదని ఎవడూ అడగలేదు. నువ్వు కూడా అడగలేదు."

నా చదువు మా పొలం మీద వచ్చే అయివేజుతో సాగిందని నేను ల్యాబులో చాలామందికి చెప్పాను. మాకు ఎప్పుడూ పొలం లేదని ఆ మంచం పక్కన నిలబడి ఉండగా గుర్తొచ్చింది.

"ఆ కట్టు మార్చే పిల్లను ఏమన్నావు?" అంది అత్త.

"ఏమీ అనలేదు. పరీక్ష చేశాను."

"నలుగురిలోనా?"

"ముగ్గురు ఉన్నారు."

"వెళ్లి ఆమెతో మాట్లాడు. ఆమె వస్తేనే నేను ఇంటికి వస్తాను."

మా వంశంలో క్షమాపణ చెప్పిన వాళ్లెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. చెప్పే పద్ధతి మాత్రం నాదాకా రాలేదు. నాకు తెలిసిన పద్ధతిలో చేశాను. సిస్టర్ కత్తెర, ఫోర్సెప్స్, ట్రే, సెలైన్, సంచి, అయిదింటికీ అయిదు వరసలు వేసి, ప్రతి వరసలోనూ 'క్రిములు పెరగలేదు' అని రాసి, మేడం సంతకం, నా సంతకం పెట్టించి, ఆస్పత్రి ముద్ర వేయించాను. చర్చి వెనక ఆమె ఇంటికి వెళ్లి ఇచ్చాను.

ఆమె గుమ్మంలో నిలబడే మొత్తం చదివింది.

"దీన్ని ఏటి సేసుకోమంటారు సార్? గోడకి తగిలించుకోనా?"

"మీ ఇష్టం. తప్పు మా ఇంట్లోదే. పన్నీరు బుడ్డిలో ఉంది."

"అదా!" అంది ఆమె. "రోజూ సల్లేవారు. నాకైతే మా పెళ్లి తర్వాత మళ్లీ మీ ఇంట్లోనే పన్నీరు సల్లారు. నాను కూడా వద్దనలేపోయాను సార్, బాగుండేది. తడి కట్టు సూసి కూడా అననేదు. అది నా తప్పు." తర్వాత కుర్చీ చూపించింది. "టీ తాగుతారా?"

ఇలాంటి చోట కూర్చోవడం నాకు అలవాటు లేదు. కూర్చున్నాను. టీలో పంచదార ఎక్కువైంది. తాగాను.

"ఆ నర్సుల గదిలో ఉన్న ముగ్గురికీ మీరే సెప్పాలి సార్" అంది కప్పు తీసుకుంటూ. మర్నాడు చెప్పాను. నిలబడి చెప్పాను. రిపోర్టు నకలు కూడా చూపించాను. వాళ్లలో ఒకామె మాత్రం మొత్తం విన్నది. మిగతా ఇద్దరికీ డ్యూటీ మారే వేళ.

గురువారం అత్త ఇంటికి వచ్చింది. సాయంత్రం అయిదింటికి మెట్ల మీద చప్పుడు. అత్త సర్దుకుని కూర్చుంది, చెయ్యి అలవాటుగా గూటి వైపు వెళ్లింది. గూడు ఖాళీ. ఆ చెయ్యి కాసేపు గాల్లో ఆగింది. తర్వాత రెండు చేతులూ జోడించింది. పన్నీరు లేకుండా మా గుమ్మం దాటిన మొదటి మనిషి ఆ సిస్టరే. ఆమె కూడా ఏం చేయాలో తెలియక చేతులు జోడించి, "అమ్మగారూ, ఇయాల కట్టు పొడిగా ఉంది" అంది.

కట్టు పొడిగానే ఉంటూ వచ్చింది. ఆరో వారానికి కొత్త చర్మం అంచుల నుంచి లోపలికి పాకి కలిసింది. చివరి నమూనాలో ఏమీ పెరగలేదు. బొటనవేలు పోయింది, కాలు నిలిచింది. చెప్పు ముందు భాగంలో దూది కూరి అత్త మేడ మెట్లు దిగుతోంది. కుంటుతోంది. వీధిలో వాళ్లు చూస్తున్నారు. ఎందుకు కుంటుతున్నారని అడిగినవాళ్లకు, "నా ఇంటి నీళ్ల వల్లే" అని చెబుతోంది. అంతకుమించి చెప్పదు. కళ్లకలక వచ్చినవాళ్ల జాబితాలో నాకు ఒక్క పేరే దొరికింది. మా టెక్నీషియన్‌ను భోజనానికి పిలవమంది. అతను వచ్చి, గుమ్మం దగ్గర కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"తెరువు బాబూ, ఇప్పుడేం చల్లడం లేదు" అంది అత్త.

"అలవాటయిపోనాది పిన్నిగారూ" అన్నాడు.

బుడ్డిని ఏం చేయాలో అత్తే నిర్ణయించింది. ఇంట్లో ఉంటే మళ్లీ నింపుతాను, అమ్మేయమంది. క్రిములు చావకుండా ఇంకొకరి చేతికి ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు. మా ల్యాబులో పారేసే పళ్లేలతోపాటు ఆటోక్లేవ్‌లో పెట్టాను. ఆవిరి ఒత్తిడికి వెండి పూత బొబ్బలెత్తి, మెడ దగ్గర ఊడి వచ్చింది. కింద పసుపు రంగు లోహం కనబడింది. పూర్ణా మార్కెట్‌లో పాత సామాను కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టువాడు గోరుతో గీకి, చిల్లుల మూత విడిగా తీసి, రెండూ కలిపి తూకం వేశాడు. ముప్పావు కిలో తూగింది. ఇత్తడి కింద అమ్మేశాను.